మైసూరు పెళ్ళికి ఏడుగురితో కారులో: శుక్రవారం రాత్రి బయల్దేరకండి

ముందు మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్తాను, చదివే మిగతావాళ్ళకీ తెలియాలి కదా. మీరుండేది మియాపూర్. మైసూరులో స్థిరపడిన అక్కగారి అమ్మాయికి మే మూడో వారంలో పెళ్ళి. పెళ్ళికొడుకు వాళ్ళు కన్నడిగులు. శనివారం సాయంత్రం ఆరున్నరకి రిసెప్షన్, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి ముహూర్తం. ఏడు సీట్ల కారు, ఏడుగురు మనుషులు. మీరు, మీ ఆవిడ, ఎనిమిదేళ్ళ బాబు, రెండున్నరేళ్ళ పాప, ఇన్సులిన్ మీద ఉన్న డెబ్బై రెండేళ్ళ నాన్నగారు, మోకాళ్ళ నొప్పులతో అమ్మగారు, ఓపికగానే ఉన్న మేనత్తగారు. కారు నడపడం మీ ఒక్కరికే వచ్చు. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి బయల్దేరి తెల్లారేసరికి బెంగళూరు దాటేయాలని, ఆదివారం భోజనాలయ్యాక తిరుగుముఖం పట్టి సోమవారం ఆఫీసుకి వెళ్ళాలని మీ ఆలోచన. రాత్రయితే చల్లగా ఉంటుంది, పిల్లలు పడుకుంటారు, ట్రాఫిక్ ఉండదు అని రాశారు.

నా జవాబు: ఈ పద్ధతిలో వెళ్ళకండి. కారులో వెళ్ళొద్దని కాదు, ఆ రోడ్డు కుటుంబంతో వెళ్ళడానికి బాగుంటుంది. బయల్దేరే వేళ మార్చండి, రెండు రోజులు సెలవు పెట్టండి. పెళ్ళిళ్ళకీ యాత్రలకీ బండ్లు పంపే పనిలో ఏళ్ళుగా ఉన్నాను, ఈ రోడ్డు మీద స్వయంగా చాలాసార్లు నడిపాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

మీ ఇంటి నుంచి మైసూరు 700 కిలోమీటర్ల పైమాట. బెంగళూరు వరకు దాదాపు 570, అక్కణ్ణుంచి 145. ఒంటరిగా వెళ్ళే కుర్రాడికి పన్నెండు గంటలు పట్టొచ్చు. మీ కారులో ఉన్నవాళ్ళతో పద్నాలుగు గంటల కన్నా తక్కువ వేసుకోకండి. శుక్రవారం పొద్దున ఏడింటికి లేచి, రోజంతా ఆఫీసులో పనిచేసి, రాత్రి పదింటికి స్టీరింగ్ పట్టుకుంటారు. కర్నూలు దాటేసరికి ఒంటిగంటన్నర, రెండు. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య మనిషి ఒళ్ళు నిద్ర కోరుకుంటుంది. టీ తాగినా, పాటలు పెట్టినా, కిటికీ దించినా ఆ నిద్ర కాసేపు వెనక్కి జరుగుతుందంతే, పోదు. కళ్ళు తెరిచే ఉంటాయి, మూడు నాలుగు సెకన్లు మనసు ఆగిపోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. మూడు సెకన్లలో 80 మీటర్లు ఎవరూ నడపని కారు పోతుంది.

ఈ రోడ్డు చరిత్ర కూడా గుర్తు చేయాలి. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర వోల్వో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర ఇంకో బస్సు, అంతకుముందే రోడ్డు మీద పడి ఉన్న బైకు మీదికి వెళ్ళి మంటల్లో చిక్కుకుంది, 19 మంది ప్రయాణికులు పోయారు. రెండూ తెల్లవారకముందు జరిగినవే. ఆ డ్రైవర్లు నిద్రపోయారని నేను అనడం లేదు. ఆ వేళలో రోడ్డు మీద ఉన్నది కనపడటానికీ, బ్రేకు మీద కాలు పడటానికీ మధ్య వ్యవధి చాలదు. లైట్లు లేకుండా ఎడమ లేనులో ఆపి ఉంచిన లారీ, డివైడర్ సందులోంచి ఎదురొచ్చే ట్రాక్టరు, రోడ్డు దాటే గొర్రెల మంద ఈ దారిలో మామూలే. పగలైతే అర కిలోమీటరు దూరం నుంచే కనిపిస్తాయి, రాత్రి కారు లైటు పడేంత దూరమే మనకి లోకం.

ఇంకో సంగతి మీరు లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. మీరు పెళ్ళికూతురి మేనమామ. మన ఆచారంలో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మంటపానికి తీసుకొచ్చేది మీరే. కన్నడ పెళ్ళిళ్ళలో కూడా సోదర మావ పెళ్ళికూతుర్ని మంటపానికి తెస్తాడు. ఏ పద్ధతిలో చేసినా మీరు లేకుండా జరగదు. రాత్రంతా నడిపి, శనివారం మధ్యాహ్నం దిగి, సాయంత్రం రిసెప్షన్లో నాలుగు గంటలు నిలబడి, మర్నాడు తెల్లవారుజామున లేచి స్నానం చేసి ఇరవై మూడేళ్ళ పిల్లని గంపలో ఎత్తుకోవాలి. మీ అక్కయ్యకి ఇవాళే ఫోన్ చేసి శనివారం పొద్దున పెళ్ళికూతుర్ని చేసే కార్యక్రమం ఉందా, అందులో పుట్టింటివాళ్ళు ఉండాలా అని అడగండి. శుభలేఖ మీద సాధారణంగా రిసెప్షన్, ముహూర్తం మాత్రమే వేస్తారు. ఇంట్లో జరిగేవి వేయరు. పుట్టింటివాళ్ళు వాటికి అందకపోతే ఆడపిల్ల పైకి ఏమీ అనదు గానీ మనసులో పెట్టుకుంటుంది.

ఇక నేను చెప్పే ప్రయాణం ఇది. శుక్రవారం సెలవు పెట్టండి. గురువారం సాయంత్రమే సామాను కారులో సర్దేసి తొమ్మిదింటికల్లా పడుకోండి. ఇంట్లో అందరూ మేలుకొని ఉన్నా సరే, మీరు పడుకోవాలి. శుక్రవారం ఉదయం ఐదింటికి బయల్దేరితే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీదుగా శంషాబాద్ చేరి, షాద్‌నగర్, జడ్చర్ల దాటేసరికి ఎండ మొదలవుతుంది. జడ్చర్ల దగ్గరో కాస్త అవతలో మొదటి మజిలీ, టిఫిన్. బీచుపల్లి దగ్గర కృష్ణ, తర్వాత అలంపూర్ చౌరస్తా, ఆపైన తుంగభద్ర దాటితే కర్నూలు, అంటే ఆంధ్రప్రదేశ్. అక్కడ రెండో మజిలీ. అనంతపురం పదకొండున్నర, పన్నెండుకి చేరతారు. అక్కడ మధ్యాహ్న భోజనం చేసి, ఒక గంట నిజంగా విశ్రాంతి తీసుకోండి. మీరు సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకోండి. తర్వాత పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి దాటి నాలుగింటికల్లా చిక్కబళ్ళాపుర గానీ దేవనహళ్ళి గానీ చేరి అక్కడే రాత్రికి ఆగండి. విమానాశ్రయం దగ్గర కాబట్టి దేవనహళ్ళి చుట్టూ అన్ని ధరల్లో గదులుంటాయి. గ్రౌండ్ ఫ్లోర్ గానీ లిఫ్టు ఉన్నది గానీ ముందే అడిగి బుక్ చేయండి, అమ్మగారి కోసం.

శుక్రవారం సాయంత్రం బెంగళూరులోకి దిగకూడదు. వారాంతం ట్రాఫిక్‌తో పాటు, మే నెలలో సాయంత్రాలు అక్కడ ఉరుములతో వాన పడుతుంది, అండర్‌పాసుల్లో నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు నిలిచిన అండర్‌పాస్‌లోకి ముందు బండి వెళ్ళింది కదా అని వెళ్ళే పని ఎప్పుడూ పెట్టుకోవద్దు.

శనివారం ఐదున్నరకి బయల్దేరండి. హెబ్బాళ మీదుగా ఊళ్ళోకి వెళ్ళకుండా, దేవనహళ్ళి దగ్గర శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు ఎక్కి దొడ్డబళ్ళాపుర మీదుగా దాబస్‌పేట వెళ్ళి, తుమకూరు హైవేలో నెలమంగల వైపు తిరిగి, బెంగళూరు ఊరి బయటి టోల్ రోడ్డు అయిన నైస్ రోడ్డు పట్టుకుని మైసూరు రోడ్డులో దిగండి. చుట్టు తిరుగుడే, కానీ సిగ్నళ్ళు ఉండవు. అక్కణ్ణుంచి 2023 మార్చిలో ప్రారంభమైన బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే. ప్రమాదాలు పెరగడంతో ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి దాని ప్రధాన రోడ్డు మీదికి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు రాకుండా నిషేధించారు. గంటకు 100 దాటకండి, కెమెరాలున్నాయి, చలానా నేరుగా మీ ఫోనుకే వస్తుంది. పదింటికల్లా మైసూరులో ఉంటారు. నాన్నగారు పడుకుంటారు, పిల్లలు బంధువుల పిల్లలతో కలిసిపోతారు, మీరు మేనమామగా కనిపిస్తారు.

సెలవు ఒక పూటే దొరికితే? శుక్రవారం పన్నెండున్నరకి బయల్దేరి అనంతపురంలో ఆగండి. 360 కిలోమీటర్లు, ఏడున్నర ఎనిమిదికి చేరతారు. శనివారం ఐదింటికి లేస్తే మధ్యాహ్నానికి మైసూరు. ఇదీ ఫరవాలేదు, కాకపోతే మొదటి రోజంతా ఎండలో నడుస్తుంది.

ఇప్పుడు నాన్నగారి విషయం. నేను ఎక్కువ సేపు చెప్పేది దీని గురించే, ఎందుకంటే ఇలాంటి ప్రయాణాల్లో పెద్దవాళ్ళు నోరు విప్పరు. మాటిమాటికీ కారు ఆపమంటే కొడుకుకి ఇబ్బంది అని నీళ్ళు తాగడం మానేస్తారు. మేలో కర్నూలు, అనంతపురం ఎండలో డెబ్బై దాటిన షుగర్ మనిషి నీళ్ళు మానేస్తే ఒంట్లో నీరు తగ్గి కళ్ళు తిరుగుతాయి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. అందుకని ఆయన అడిగే దాకా ఆగకండి. గంటన్నరకోసారి కారు ఆగుతుందని బయల్దేరే ముందే అందరికీ చెప్పేయండి. అది ఆయన కోసం అని అనొద్దు, టైర్లకి రెస్టు ఇవ్వాలి అనండి. ఆగిన ప్రతిసారీ పెద్దవాళ్ళు ముగ్గురూ ఐదు నిమిషాలు నడవాలి. గంటల తరబడి కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, పాదాల వాపు సంగతి సరేసరి. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతుంటే, ప్రయాణం రోజు దాన్ని ఏ వేళకి వేసుకోవాలో ఆయన డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు ఆపొద్దు.

కర్నూలు దాటాక వెల్దుర్తి నుంచి గుత్తి దాకా ఊళ్ళన్నీ బైపాస్‌కి పక్కన ఉండిపోయాయి. అందుకే కర్నూలులో అందరూ బాత్రూమ్‌కి వెళ్ళి రావాల్సిందే, అవసరం ఉన్నా లేకపోయినా. ఇక అమ్మగారికి: బంకుల్లో చాలాచోట్ల కింద కూర్చునే మరుగుదొడ్లే ఉంటాయి, మోకాళ్ళు వంగనివాళ్ళకి అది నరకం. మెడికల్ షాపుల్లో మడత పెట్టే కమోడ్ కుర్చీ దొరుకుతుంది. వెనకాల ఒక మూల పడుకోబెడితే సరిపోతుంది. దీన్ని కొన్నవాళ్ళందరూ తర్వాత ఫోన్ చేసి మరీ చెప్పారు, ప్రయాణంలో అన్నిటికన్నా పనికొచ్చింది అదేనని.

ఇన్సులిన్ జాగ్రత్త. వాడకం మొదలుపెట్టని సీసాలు ఫ్రిజ్ చల్లదనంలో, అంటే 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే సాధారణంగా నాలుగు వారాల దాకా పనిచేస్తుంది, సరిగ్గా ఎన్ని రోజులన్నది దాని కాగితం మీద ఉంటుంది. ఎండలో ఆపిన కారులో వేడి అరవై డిగ్రీల దగ్గరికి పోగలదు. కాబట్టి భోజనానికి దిగినప్పుడల్లా ఇన్సులిన్ సంచీ మీ ఆవిడ భుజానికే ఉండాలి. ఐసు ముక్కలకి నేరుగా తగలనివ్వొద్దు, గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు. మామూలుగా ఏ వేళకి తింటారో దారిలోనూ ఆ వేళకే తినిపించండి. పెళ్ళిలో భోజనం ఆలస్యమవుతుంది, బంతి మీద బంతి. ఇన్సులిన్ వేసుకుని గంటసేపు ఆకు కోసం ఎదురుచూసిన పెద్దమనిషి పడిపోయిన సందర్భాలు చూశాను. ఆకు వేశాకే ఇంజెక్షన్. జేబులో గ్లూకోజ్ పొట్లం.

సీట్ల సర్దుబాటు. నాన్నగారు ముందు సీట్లో, సీటు వెనక్కి జరిపి. మధ్య వరుసలో తలుపు పక్కన అమ్మగారు, మధ్యలో మీ ఆవిడ, మీ వెనకాల పాప చైల్డ్ సీటు. మూడో వరుసలో మేనత్తగారు, బాబు. బాబుకి వాంతులయ్యే అలవాటుంటే వెనక వరుస పడదు. మీ ఆవిడా వాడూ మారాలి.

చైల్డ్ సీటు అన్నానా, మీ ప్రశ్నలో దాని మాటే లేదు. పాప అమ్మ ఒళ్ళోనో నాన్నమ్మ ఒళ్ళోనో కూర్చుంటుందని అనుకుంటున్నారేమో. దయచేసి వద్దు. అన్నిటికన్నా ప్రమాదం ముందు సీట్లో తాతగారి ఒళ్ళో కూర్చోబెట్టడం. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే దెబ్బ పెద్దవాళ్ళ ఛాతీని దృష్టిలో పెట్టుకుని చేసింది. దానికీ తాతగారికీ మధ్య పాప ఉంటుంది. ఎంత బలమున్న చేతులైనా గట్టి బ్రేకు పడినప్పుడు పన్నెండు కిలోల పిల్లని పట్టుకోలేవు. 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది, కానీ నేను చెప్పేది జరిమానా కోసం కాదు. సీటు ఇప్పుడే తెచ్చి ఇంటి చుట్టుపక్కల రోజూ కాసేపు తిప్పండి. పెళ్ళిరోజుకి అలవాటైపోతుంది. ప్రయాణం రోజే మొదటిసారి కూర్చోబెడితే షాద్‌నగర్ దాకా ఏడుపే. వెనక వరుసల్లో పెద్దవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలి. చీర నలుగుతుందని మేనత్తగారు అంటారు. ప్రయాణానికి పాత చీర కట్టుకోమనండి.

ఏడుగురు కూర్చుంటే సామానుకి చోటెక్కడ? మూడో వరుస వేశాక వెనకాల రెండు చిన్న పెట్టెలు పడతాయి, అంతే. పెళ్ళిబట్టలు, మేనమామ పెట్టే చీర, సారె, పిల్లల సామాను, కమోడ్ కుర్చీ. పైన క్యారియర్ కట్టి బరువంతా ఎక్కిస్తే కారు మలుపుల్లో ఊగుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. ఇక్కడే నా రెండో సలహా, ఆలోచించి చూడండి. అమ్మానాన్నలని రైల్లో పంపించండి. కాచిగూడ నుంచి మైసూరు వైపు రాత్రి రైలు నేరుగా ఉంది. బెంగళూరు వరకే అయితే కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ 2023 సెప్టెంబరు నుంచి నడుస్తోంది, ఎనిమిదిన్నర గంటలు కాస్త అటూ ఇటూ. నడవడానికి చోటు, అడుగు దూరంలో బాత్రూమ్ ఉన్న ప్రయాణం నాన్నగారికి కారు కన్నా సుఖం. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, పెళ్ళిళ్ళ సీజన్లో మొదటి రోజే చేయాలి. సీనియర్ సిటిజన్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది. వాళ్ళు రైల్లో వెళ్తే కారులో రెండు సీట్లు మిగులుతాయి. ఒకటి మడిచి సామాను పెట్టుకోవచ్చు, రెండోదాని వల్ల యాక్టింగ్ డ్రైవర్‌ని, అంటే మన కారు నడపడానికి కూలికి వచ్చే డ్రైవర్‌ని, తీసుకెళ్ళొచ్చు. ఏడుగురు కూర్చున్నాక డ్రైవర్‌కి సీటే లేదు కదా, ఆ దారి మూసుకుపోయింది. డ్రైవర్‌ని తీసుకెళ్తే అతని బత్తా, తిండితో పాటు పడుకోవడానికి గది కూడా మీ బాధ్యతే. కారులో పడుకోబెట్టి తెల్లారి నడపమంటే మీరు నడిపినదానికీ అతను నడిపినదానికీ తేడా ఉండదు. ‘కొడుకు కారుండగా రైలెందుకు’ అని నాన్నగారు అంటారని నాకు తెలుసు. అక్కయ్య చేత చెప్పించండి, కూతురి మాట వింటారు.

కారు సంగతి. మేలో ఈ రోడ్డు మీద టైర్లు పేలడం చూస్తూనే ఉంటాం, వాటిల్లో ఎక్కువ గాలి తక్కువైన టైర్లే. గాలి తక్కువుంటే టైరు పక్కలు ఎక్కువ వంగి లోపలి నుంచి వేడెక్కుతుంది. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద నిండు బరువుకి ఎంత పెట్టాలో వేరే అంకె ఉంటుంది. మీరు ఏడుగురు కాబట్టి ఆ అంకే పెట్టాలి. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి, స్టెప్నీకి కూడా. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్ళు దాటితే పైకి కొత్తగా కనిపించినా మార్చేయండి. సర్వీసింగ్ ప్రయాణానికి పది రోజుల ముందు చేయించండి, ముందు రోజు కాదు. ఏదైనా బోల్టు సరిగ్గా బిగించకపోతే ఆ పది రోజుల్లో ఊళ్ళోనే తెలుస్తుంది.

టోల్. శంషాబాద్ నుంచి బెంగళూరు దాకా రాయికల్, శాఖాపూర్, పుల్లూరు, అమకతాడు, కాసేపల్లి, మరూరు, బాగేపల్లి, సాదహళ్ళి తగులుతాయి. నేను చెప్పినట్టు దేవనహళ్ళి దగ్గర పక్కకి తిరిగితే సాదహళ్ళి దాకా వెళ్ళరు. 2025 ఆగస్టు 15న సొంత కార్లకి ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదలైంది. 3,000 రూపాయలతో వచ్చింది, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఒక్కో టోల్ గేటు దాటడం ఒక్కో ట్రిప్పు. ఈ ఒక్క ప్రయాణానికే అయితే ఆ డబ్బు పూర్తిగా రాకపోవచ్చు, ఏడాదిలో తిరుపతో విజయవాడో ఇంకో రెండుసార్లు వెళ్తారంటే తీసుకోండి. కొనే ముందు ప్రస్తుత ధర రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో చూసుకోండి. హైదరాబాద్ ఓఆర్ఆర్, బెంగళూరు నైస్ రోడ్డు ఆ పాస్‌లోకి రావు, కొంత నగదు చేతిలో ఉండాలి. ఫాస్టాగ్ పనిచేయకపోతే నగదుకి రెండింతలు, యూపీఐకి ఒకటింపావు వంతు కట్టే పద్ధతి 2025 నవంబరు 15న మొదలైంది, ఇప్పుడెలా ఉందో బయల్దేరే ముందు చూసుకోండి. పెట్రోలు ట్యాంకు నిండా హైదరాబాద్‌లో పోయించండి, ఆంధ్రలో అవసరమైనంతే, బాగేపల్లి దాటాక మళ్ళీ నింపండి. ఏళ్ళుగా కర్ణాటకలో ధర మన రెండు రాష్ట్రాల కన్నా తక్కువే.

సొంత కారుకి పక్క రాష్ట్రంలోకి వెళ్ళడానికి పర్మిట్ ఏమీ అక్కర్లేదు. ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ డిజీలాకర్‌లో ఉంటే చాలు. బండి అద్దెకి తీసుకునేవాళ్ళు మాత్రం పసుపు బోర్డు, పర్మిట్ చూసుకోవాలి. తక్కువకి వస్తుందని తెలిసినవాళ్ళ తెల్లబోర్డు బండి అద్దెకి తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిము తోసిపుచ్చే అవకాశం ఉంటుంది. దారిలో కారు ఆగిపోయినా, ప్రమాదం జరిగినా హైవే హెల్ప్‌లైన్ 1033. అంబులెన్సుకి మూడు రాష్ట్రాల్లోనూ 108.

నగల గురించి మీ ఆవిడ అడగమన్నారని రాశారు. దారిలో ఒంటి మీద నల్లపూసలు, చిన్న కమ్మలు చాలు. మిగతావి ఒకే డబ్బాలో కాకుండా రెండు సంచుల్లో, సీటు కింద. ఆగిన ప్రతిచోటా పెద్దవాళ్ళలో ఒకరు కారు దగ్గరే ఉండాలి, ఏసీ వేసి. బయల్దేరే ముందు నగలన్నిటికీ ఫోనులో ఫొటో, బిల్లులకి ఫొటో. ఎక్కడైనా ఎన్నికల కోడ్ ఉంటే 50 వేలకి మించిన నగదుకి కాగితం చూపించాల్సి వస్తుంది. చదివింపుల డబ్బు బ్యాంకు ద్వారానే పంపేయండి. వచ్చేటప్పుడు ఎవరైనా మందు సీసాలు ఇస్తే కారులో పెట్టుకోకండి. సరిహద్దులో ఎక్సైజ్ వాళ్ళు ఆపుతారు, బండి కూడా సీజ్ చేయగలరు. అమ్మానాన్నల ముందు ఆ తలవంపు మనకెందుకు.

తిండికి మొదటి రోజు ఇంటి పులిహోరే మంచిది, సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నం మే ఎండలో మధ్యాహ్నానికే పులుస్తుంది, తీసుకెళ్తే పొద్దున టిఫిన్‌గానే తినేయండి. పాపకి పాలపొడి, ఫ్లాస్కులో వేడినీళ్ళు.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. నాకు వెళ్ళే ప్రయాణం కన్నా దీని గురించే భయం. వెళ్ళేటప్పుడు అందరూ జాగ్రత్తగా ఉంటారు. పెళ్ళి అయిపోయాక జాగ్రత్త సడలుతుంది. ముందు రాత్రి మూడు గంటలు నిద్ర, పొద్దుటి నుంచి నిలబడటం, మధ్యాహ్నం అరిటాకు నిండా భోజనం, ఒబ్బట్టు మీద నెయ్యి. రెండింటికి స్టీరింగ్ పట్టుకుంటే మూడింటికి కళ్ళు మూతపడతాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు కూడా తెల్లవారుజాము లాంటి వేళే. ఆ స్థితిలో 700 కిలోమీటర్లు, మళ్ళీ రాత్రి, మళ్ళీ కర్నూలు. ఆ పని మాత్రం చేయకండి. సోమవారం కూడా సెలవు పెట్టండి, ‘మేనకోడలి పెళ్ళి’ అంటే కాదనే ఆఫీసు తక్కువ. ఆదివారం భోజనం తర్వాత మంటపంలోనో గదిలోనో రెండు గంటలు పడుకోండి. మంటపం గదులు చాలాచోట్ల మధ్యాహ్నానికి ఖాళీ చేయమంటారు, అందుకని పక్కనే ఒక హోటల్ గది ముందే తీసి ఉంచండి. అప్పగింతలు అయ్యాక అక్కయ్య దగ్గర ఓ గంట కూర్చోండి. పెళ్ళికూతురు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఆవిడకి పుట్టింటివాళ్ళు కావాల్సింది అప్పుడే. ఆదివారం రాత్రి మైసూరులోనే ఉండిపోతే అన్నిటికన్నా మంచిది. లేదంటే ఐదింటికి బయల్దేరి, వచ్చిన దారినే దేవనహళ్ళి చేరి పడుకోండి.

దేవనహళ్ళిలో పడుకుంటే సోమవారం పిల్లలకి ఒక కానుక ఉంది. ఉదయం ఐదున్నరకి బయల్దేరి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకి తిరిగితే పదిహేను పదహారు కిలోమీటర్లలో లేపాక్షి. 16వ శతాబ్దపు విజయనగర కాలం నాటి వీరభద్రస్వామి గుడి. నేలకి పూర్తిగా ఆనని స్తంభం కింద మీ బాబు కండువా దూర్చి చూస్తాడు, ఏకశిలలో చెక్కిన పెద్ద నంది దగ్గర పాప పరిగెడుతుంది. ఎనిమిదిన్నర లోపు చూసేయాలి. పది దాటితే చెప్పుల్లేని కాళ్ళకి ఆ రాతి నేల చురుక్కుమంటుంది, పిల్లలకీ నాన్నగారికీ సాక్సులు తొడగండి. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకి వేడి తెలియకుండానే బొబ్బలొస్తాయి. తొమ్మిదింటికి మళ్ళీ హైవే ఎక్కితే అనంతపురంలో పెందలాడే భోజనం, కర్నూలులో టీ, ఆరింటికి శంషాబాద్. అక్కడ సిటీలోకి దిగకుండా ఓఆర్ఆర్ మీదే మియాపూర్ వైపు వెళ్ళిపోండి.

పెళ్ళి మంటపం మైసూరులో ఏ వైపు ఉందో, అమ్మానాన్నలు రైలుకి ఒప్పుకున్నారో లేదో రాయండి. దాన్ని బట్టి శనివారం దిగాల్సిన ఎగ్జిట్, గది ఎక్కడ తీసుకోవాలో చెప్తాను.